పీట వేసుకుని ఎక్కిన బండి

టెక్సాస్ రాష్ట్రంలో చూడదగినవి ఏమిటని ఎవరైనా అడిగితే నేను రెండు చెబుతాను. ఒకటి పాలో డ్యూరో లోయ. రెండవది, ఆ లోయకు మమ్మల్ని తీసుకువెళ్ళిన మా తమ్ముడి బండి గుమ్మం. లోయ లోతు 800 అడుగులు. గుమ్మం ఎత్తు 2 అడుగులు. లోయలోకి ఒక్క గంటలో హాయిగా దిగాం. గుమ్మం ఎక్కడానికి మాత్రం మాకు తొమ్మిది రోజులు పట్టింది.

2024 మే నెలలో కాలేజీకి సెలవులిచ్చిన తరువాత మా అమ్మను వెంటబెట్టుకుని డల్లాస్ వెళ్ళాను. తమ్ముడి కాపురం డల్లాసుకు ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్ళో. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, కూరల కొట్లో నిలబడి "గోంగూర ఎప్పుడొచ్చిందండీ?" అని తెలుగులోనే అడగవచ్చు. జవాబు తెలుగులోనే వస్తుంది. శనివారంనాడు హనుమంతుడి గుడికి వెళితే తెనాలిలో ఉన్నామా అనిపిస్తుంది. అందువల్ల అమెరికా వచ్చానన్న భావం మా అమ్మకు ఊరు చూస్తే కలగలేదు. బండి చూస్తే కలిగింది.

ఆ దేశంలో దాన్ని పికప్ అంటారు. ముందు అయిదుగురు కూర్చునే గది, వెనుక మూతలేని పెద్ద తొట్టి. మన వీధుల్లో మంచినీళ్ళ డబ్బాలు మోసే టాటా ఏస్ బండి ఉన్నదే, దానికి ఇది పెదనాన్న వరస అవుతుంది. రైతులూ, మేస్త్రీలూ సరుకు వేసుకోవడానికి పుట్టిన బండి గాని, టెక్సాస్‌లో ఇప్పుడు అది సంసారుల బండి. దానిలోనే పిల్లల్ని బడికి దించుతారు, దానిలోనే పెళ్ళికి వెళతారు. మావాడు పెరటి మళ్ళకు మట్టీ ఎరువూ తోలుకోవాలనే మిషతో కొన్నాడు. ఆ మట్టి ఏడాదికి రెండుసార్లు తోలితే గొప్ప.

విమానాశ్రయం దగ్గర పెట్టెలన్నీ తొట్టిలో వేసి, ముందు తలుపు తెరిచి, "ఎక్కమ్మా" అన్నాడు. అమ్మకు 72 ఏళ్ళు. కుడి మోకాలు అరిగిపోయింది. తన పని తాను చేసుకుంటుంది, గుడికి నడిచి వెళుతుంది, మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంది. కాని ఆ తలుపు ముందు నిలబడేసరికి లోపలి నేల ఆమె మోకాలికంటే పైన ఉన్నది. ఒక కాలు ఎత్తి చూసింది. చీర కుచ్చిళ్ళు అడ్డం వచ్చాయి. కుచ్చిళ్ళు పైకి పట్టుకుంటే బండిని పట్టుకోవడానికి చెయ్యి చాలలేదు. వెనకాల కార్లు ఆగి ఉన్నవి. మావాడు అటూ ఇటూ చూసి, ఒక్క ఉదుటున అమ్మను రెండు చేతులా ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. ఎవరో నవ్వారు. అది మంచి నవ్వే, తల్లిని ఎత్తుకున్న కొడుకును చూసి ముచ్చటపడిన నవ్వు. అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా పలకలేదు.

ఆ రాత్రి నా పక్కన పడుకుని చీకట్లో అన్నది. "వాడు నన్ను ఎత్తుకున్నాడే అమ్మాయ్. నేను వాణ్ణి ఎత్తుకోవాలి గాని."

నేను ఏదో సర్దిచెప్పబోయాను.

"నడుము విరిగి మంచాన పడితే ఎత్తుతారు. ఎటూ తప్పదు. అందాకా వద్దు. నేను ఇంక ఆ బండి ఎక్కను."

ఎక్కనన్నదంటే ఎక్కదు. మూడవనాడు తమ్ముడు పాలో డ్యూరో ప్రయాణం సంగతి ఎత్తాడు. మరదలి చిన్న కారులో అయిదుగురం 360 మైళ్ళు ఇరుక్కుని వెళ్ళడం, అందులో అమ్మ కాలు చాపుకోకుండా కూర్చోవడం అయ్యే పని కాదు. పికప్‌లోనే వెళ్ళాలి. అమ్మ ఎంతో ప్రశాంతంగా, "మీరు వెళ్ళిరండి నాయనా. నేను విష్ణుసహస్రనామం చదువుకుంటూ ఇంట్లో ఉంటాను" అన్నది. మా అమ్మ సహస్రనామం మాట ఎత్తిందంటే చర్చ ముగిసిందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు ఒక బండిని ఎక్కడం ఇంత కథ ఎందుకవుతున్నదని నాకు ఆలోచన పట్టుకున్నది. పూర్వం మన బండ్లేమీ పొట్టివి కావు. జట్కాకు వెనుకవైపున అరచెయ్యంత ఇనుప మెట్టు వేలాడుతూ ఉండేది. దానిమీద ఒక కాలు మోపి, చెక్క పట్టుకుని లోపలికి చేరేవారు. గూడుబండి ఇంకా ఎత్తు. అమ్మనే అడిగాను, మా అమ్మమ్మ ఎట్లా ఎక్కేదని.

"పాలేరు పీట తెచ్చి వేసేవాడు. వేసి అటు తిరిగి నుంచునేవాడు. అమ్మ ఎక్కి కూర్చున్నాక, ఎక్కానురా అంటే అప్పుడు ఇటు తిరిగి పీట తీసేవాడు" అన్నది.

అటు తిరిగి నుంచునేవాడన్న మాట నా మనసులో నిలిచిపోయింది. పీట వేయడం సాయం. అటు తిరగడం మర్యాద. మా తమ్ముడు పాపం సాయమైతే చేశాడు.

మోటారు కార్లకూ మొదట్లో ఈ మర్యాద ఉండేది. ఫోర్డు కంపెనీ 1925లో తన మోడల్ టీ కారుకే వెనుక తొట్టి బిగించి, ఫ్యాక్టరీలోనే తయారైన పికప్‌గా 281 డాలర్లకు అమ్మింది. దానికి రెండు పక్కలా పొడుగునా ఫుట్‌బోర్డు ఉండేది. పాత సినిమాల్లో పోలీసులు వేలాడుతూ పోతారే, అదే. తరువాత తరువాత కార్లు వెడల్పై, పొట్టివై, తలుపులు కిందిదాకా దిగాయి. ఫుట్‌బోర్డుకు చోటూ లేదు, అవసరమూ లేదు. పికప్ మాత్రం పొట్టిది కాలేదు సరికదా, ఇంకా పెరిగింది. కారణం దాని కిందనే ఉన్నది. కారుకు ఒళ్ళంతా ఒకటే డొల్ల. పికప్‌కు అట్లా కాదు. అడుగున పొడుగునా రెండు ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు ఉంటాయి. దాన్ని నిచ్చెన చట్రం అంటారు. ఆ చట్రంమీద గదినీ, తొట్టినీ విడివిడిగా కూర్చోబెడతారు. బరువు మోయడానికి అది మంచిదే. నాలుగు చక్రాలకూ శక్తి పంపే రకమైతే ముందు ఇరుసుకు కూడా కింద చోటు కావాలి. రాళ్ళూ గోతులూ తగలకుండా పెద్ద చక్రాలు కావాలి. ఇన్నిటిమీద మనం కూర్చునే నేల వస్తుంది. అడుగున అంత పెద్ద నిచ్చెన పెట్టుకుని, ఎక్కేవాళ్ళకు ఒక్క మెట్టు లేకపోవడం చిత్రం కాదూ?

ఫుట్‌బోర్డు విడిగా కొని బిగించుకోవచ్చునట. మావాడి బండి కొన్నప్పుడు అది లేదు. ఉంటే రూపు పాడవుతుందనుకున్నాడట ఆ రోజుల్లో.

మేనల్లుడికి పన్నెండేళ్ళు. లెక్కలంటే ఇష్టం. కొలిచే టేపు తెచ్చాడు. నేలనుంచి బండి గుమ్మానికి 24 అంగుళాలు. ఇంట్లో మేడమెట్లు కొలిచాడు, ఒక్కొక్కటి 7 అంగుళాలు. అంటే నాయనమ్మను మూడు మెట్లు ఒకేసారి ఎక్కమని అడుగుతున్నామన్న మాట. ఆ లెక్క విని మా తమ్ముడి ముఖం మారింది. తరువాత ఆ కుర్రవాడు పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, "నాయనమ్మా, దీనిమీద కాలు పెట్టు, నొప్పి పెడితే చెప్పు" అని పరీక్ష మొదలుపెట్టాడు. అమ్మకు అది ఆటగా ఉన్నది, ఒప్పుకున్నది. 8 అంగుళాల దాకా నొప్పి లేదు. చేతికి ఏదైనా గట్టిగా దొరికితే 9. అంతకు మించితే మోకాలు వద్దంటుంది.

ఇక ఫుట్‌బోర్డు వేట. వీటిలో ఎన్ని రకాలో! ఒకటి గుండ్రని పైపు, కాలు పెట్టేచోట చిన్న రబ్బరు బిళ్ళ. చూపుకు బాగుంటుంది, కాని ఆ బిళ్ళను చూసుకుని కాలు పెట్టాలి. చీర కట్టినవాళ్ళకు తమ పాదం తమకు కనిపించదన్న సంగతి దాన్ని తయారుచేసినవారికి ఎవరూ చెప్పి ఉండరు. ఇంకొకటి మరబొమ్మ రకం. తలుపు తెరిస్తే బండి పొట్టకిందనుంచి మెట్టు దానంతటదే బయటికి దిగుతుంది, మూస్తే ముడుచుకుంటుంది. మావాడి చూపు దానిమీదనే. ధర చూసి మరదలు, "అత్తయ్యగారు ఆ మెట్టు చప్పుడుకే ఝడుసుకుంటారు" అన్నది. చివరకు వెడల్పుగా, బల్లపరుపుగా, పైన గరుకుగా ఉండే మామూలు బోర్డే తెప్పించాం. 6 అంగుళాల వెడల్పు, పాదం నిండుగా ఆనుతుంది.

బిగించడం ఒక మధ్యాహ్నం పని. గుమ్మం కింద ఫ్యాక్టరీవాళ్ళు వదిలిన రంధ్రాలు ఉంటాయి. వాటికి ఇనుప చేతులు బిగించి, వాటిమీద బోర్డు పెట్టాలి. కొత్తగా తొలిచే పని లేదు. మావాడు బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. నేను పక్కన కూర్చుని అడిగిన స్పానరు అందించాను. తెలుగు ఎం.ఏ.కు అంతకంటే గట్టి ఉపయోగం చాలాకాలంగా కలగలేదు. కుడిపక్క బోర్డు ఎడమపక్కన బిగించి, మళ్ళీ ఊడదీసి, సాయంత్రానికి ఎట్లాగో ముగించాడు.

బండి కింద మనిషి కాళ్ళు కనిపిస్తే టెక్సాస్‌వాళ్ళు ఊరుకోలేరని అప్పుడే తెలిసింది. ఎదురింటి ముసలాయన తెల్లని పెద్ద టోపీ పెట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు. సంగతి విన్నాడు. నేలనుంచి బోర్డుకు కొలిచి చూస్తే 15 అంగుళాలున్నది. అది అమ్మకు ఇంకా రెండు మెట్లు. ఆయన ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి ఒక చెక్కపెట్టె పట్టుకొచ్చాడు. పెట్టె అనేకంటే పీట అనాలి. ఎత్తు 8 అంగుళాలు. పైభాగం కంటే అడుగుభాగం వెడల్పు, ఒక అంచుమీద కాలు పెట్టినా తిరగబడకుండా. అడుగున పాత టైరు రబ్బరు అతికించి ఉన్నది. ఒక పక్క రంధ్రం చేసి బారెడు తాడు కట్టాడు. ఎక్కి కూర్చున్నాక కిందికి వంగకుండా తాడుతో పైకి లాక్కోవచ్చు. ఆయన భార్యకు తుంటి ఆపరేషన్ అయినప్పుడు చేశాడట. ఇప్పుడామె మామూలుగా తిరుగుతున్నది, మీరు వాడుకోండి అన్నాడు.

మేనల్లుడు అక్కడికక్కడే లెక్క కట్టాడు. పీటకు 8, పీటనుంచి బోర్డుకు 7, బోర్డునుంచి లోపలి నేలకు 9. పరీక్ష ప్రకారం అన్నీ నాయనమ్మకు అందే ఎత్తులే. ఆ ఆఖరి 9 అంగుళాలకు చేతి ఆసరా కావాలి. అది ముందు అద్దం పక్కనున్న స్తంభానికి బండితోపాటే వచ్చింది, ఒక పిడి. ఇన్నాళ్ళూ దానికి మరదలు చేతిసంచి తగిలిస్తున్నది.

ఆ పెద్దాయన ఒక ఉపదేశం కూడా చేశాడు. అక్కడ కీళ్ళ వైద్యం చేయించుకున్నవాళ్ళకు వ్యాయామం చేయించేవారు నేర్పే మాట అట. మంచికాలు స్వర్గానికి, చెడ్డకాలు నరకానికి. అంటే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు నొప్పికాలు ముందు దించాలి. ఎందుకంటే, ఎక్కేటప్పుడు పైమెట్టుమీద ఉన్న కాలే ఒంటి బరువంతా ఎత్తుతుంది. దిగేటప్పుడు పైన మిగిలిన కాలే బరువును మెల్లగా దించుతుంది. రెండు పనులూ మంచికాలికే అప్పగించాలి. తమ్ముడు దీన్ని తెలుగు చేసి చెబితే అమ్మ, "నా కుడికాలు ఏం పాపం చేసిందిరా నరకానికి పోవడానికి?" అన్నది. ఆ మాట మళ్ళీ ఇంగ్లీషు చేసి చెబితే ఆ ముసలాయన టోపీ తీసి నవ్వాడు.

కాని అమ్మకు నిజంగానే ఒక అభ్యంతరం వచ్చింది. ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఎవరైనా ఎడమకాలు ముందు పెడతారా? కొత్తకోడలు గడపలో కుడికాలు పెడుతుంది. కొత్త ఇంట్లో కుడికాలు పెడతాం. 360 మైళ్ళ ప్రయాణానికి ఎడమకాలా? ఇది తేలికగా తీసేయవలసిన మాట కాదు. డెబ్భై ఏళ్ళుగా ఒంట్లో ఉన్న అలవాటు అది. దీనికి తోడు అక్కడ బండి నడిపేవారు ఎడమవైపు కూర్చుంటారు, పక్కసీటు కుడివైపున ఉంటుంది. కుడి తలుపులోనుంచి ఎక్కేవారికి లోపలికి ముందు పోవలసింది ఎడమకాలే. మన దేశంలో అయితే ఎడమ తలుపు, కుడికాలు ముందు. శాస్త్రమూ బండీ కలిసేవి, అమ్మ మోకాలే ఏడ్చేది! అమెరికాలో మోకాలూ బండీ కలిశాయి, శాస్త్రం ఒంటరిదైపోయింది.

పరిష్కారం అమ్మే ఆలోచించింది. "ఇంటి గడప కుడికాలితో దాటుతాను. ప్రయాణం అక్కడ మొదలైనట్టే. ఆ తరువాత ఏ కాలైతే ఏం?" అన్నది. ధర్మసూక్ష్మం తెలిసినవాళ్ళు ఇంట్లో ఉండాలి.

ఆనాడు సాయంత్రం ఎక్కి చూడమ్మా అంటే ఎక్కలేదు. "రేపు చూద్దాం" అన్నది. మర్నాడూ అదే మాట. మేము బలవంతం చేయలేదు. తరువాతి రోజు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే పక్కన అమ్మ లేదు. కిటికీలోనుంచి చూశాను. ఇంటి ముందు వీధిదీపం వెలుతురులో బండి ఉన్నది. అమ్మ పీట తానే మోసుకొచ్చి బోర్డు పక్కన వేసుకున్నది. కుచ్చిళ్ళు ఒక పిడికెడు పైకి తీసి నడుముకు దోపుకున్నది. కాళ్ళకు మరదలి బూట్లు. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమకాలు పీటమీద పెట్టి, కుడికాలు దాని పక్కకు చేర్చింది. ఆగింది. ఎడమకాలు బోర్డుమీద, కుడికాలు పక్కకు. మళ్ళీ ఆగింది. తరువాత ఎడమకాలు లోపల పెట్టి, సీట్లో కూర్చుని, కుడికాలిని రెండు చేతులా ఎత్తి లోపలికి తీసుకున్నది. అట్లాగే ముందుకు చూస్తూ కాసేపు కూర్చున్నది. నాకు అక్కడికి పరుగెత్తాలనిపించింది. అమ్మమ్మగారి పాలేరు జ్ఞాపకం వచ్చి, కిటికీ దగ్గరనుంచి వెనక్కి తిరిగి పడుకున్నాను.

దిగేటప్పుడు ముఖం బయటికి పెట్టి దూకినట్టు దిగకూడదనీ, సీటువైపు తిరిగి, అటక దిగినట్టు వెనక్కి దిగాలనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. అటకలు ఎక్కి దిగి ఆవకాయ జాడీలు తీసిన మనిషికి అది చెప్పాలా?

కాఫీ తాగుతూ, "ఎల్లుండే గదా ప్రయాణం? దారిలోకి జంతికలు చెయ్యాలి, బియ్యప్పిండి ఉన్నదా?" అన్నది మరదలితో. అది తొమ్మిదవ రోజు.

డల్లాస్ ప్రాంతంనుంచి వాయవ్యంగా 287వ నంబరు రోడ్డు పోతుంది. విచిటా ఫాల్స్, వెర్నన్, క్వానా, చిల్డ్రెస్, క్లారెండన్, క్లాడ్ అన్నీ దారిలో చిన్నా పెద్దా ఊళ్ళు. క్వానా అనేది ఆ నేలమీద తిరిగిన కొమాంచీ జాతి నాయకుడు క్వానా పార్కర్ పేరు. నేలంతా చదును. విచిటా ఫాల్స్ దాటాక మట్టి ఎర్రబడుతుంది. పత్తిచేలు వస్తాయి. అవి విత్తనాల రోజులు. దున్నిన ఎర్రచేలు చూసి అమ్మ, "పల్నాడులా ఉన్నదే" అన్నది. నల్లరేగడి చేలు కూడా ఉంటాయి గదా అని నేననబోతే మాచర్ల వైపు ఎర్రనేలలు గుర్తుచేసింది. గాలిమరలు మాత్రం మైళ్ళ తరబడి నిలువెత్తున తిరుగుతూ మనం ఎక్కడున్నామో మరచిపోనివ్వవు.

చిల్డ్రెస్‌లో పెట్రోలు కోసం ఆగాం. అమ్మ దిగి నాలుగడుగులు వేసి వచ్చింది. పీట వేసుకుని ఎక్కబోతుంటే పక్క బండిలోని కుర్రవాడొకడు చెయ్యి అందించబోయాడు. అమ్మ నవ్వుతూ ఎడమ అరచెయ్యి చూపి వద్దన్నది. అతను ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఎక్కి కూర్చుని తాడు తానే లాగింది.

ఆ దారిలో నన్ను ఆశ్చర్యపెట్టిన సంగతి ఒకటున్నది. డల్లాస్ సముద్రమట్టానికి 430 అడుగుల ఎత్తు. అమరిల్లో దరిదాపు 3,600 అడుగులు. అంటే ఆరు గంటల్లో మేము మూడువేల అడుగులకు పైగా ఎక్కాం. ఎక్కుతున్నామని ఒక్కరికీ తెలియలేదు. ఒక కొండ లేదు, ఒక మలుపు లేదు. మైలుకు సుమారు తొమ్మిది అడుగుల చొప్పున పంచి పెట్టారు గనుక మూడువేల అడుగులు మమ్మల్ని ఏమీ చేయలేదు. పంచకుండా ఒక్కచోట నిలబెట్టిన 24 అంగుళాలు మాత్రం తొమ్మిది రోజులు ఆపినవి.

రాత్రి అమరిల్లోలో బస. ఊరి పడమట, 1974లో పది కాడిలాక్ కార్లను ముక్కు భూమిలోకి, తోక ఆకాశంలోకి పెట్టి వరసగా పాతారు. అదొక కళాఖండం. వచ్చినవాళ్ళంతా వాటిమీద రంగులు చల్లి పోతారు. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "వీటితో ఎక్కే బాధా లేదు, దిగే బాధా లేదు" అన్నది. అంతకంటే అక్కడ చూడవలసింది నాకూ కనిపించలేదు.

మర్నాడు ఉదయం కాన్యన్ అనే ఊరిమీదుగా లోయకు. కాన్యన్ అంటే లోయ అనే అర్థం. ఆ ఊళ్ళోని కళాశాలలో జార్జియా ఓకీఫ్ అనే ప్రసిద్ధ చిత్రకారిణి 1916 నుంచి 1918 దాకా పాఠాలు చెప్పేది. సెలవు దొరికితే ఈ లోయకు వచ్చి బొమ్మలు వేసుకునేదట. ఊరు దాటి పన్నెండు మైళ్ళు పోయినా లోయ జాడ లేదు. పళ్ళెంలాంటి గడ్డినేల. ఉన్నట్టుండి నేల తెగిపోతుంది. కొండ ఎక్కి చూసే అందానికి మనం సిద్ధపడి ఉంటాం. ఇది కాళ్ళ దగ్గరే నోరు తెరుస్తుంది. అంచున నిలబడి అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

పాలో డ్యూరో లోయ పొడవు 120 మైళ్ళు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తరువాత రెండవ పెద్ద లోయగా దీన్ని చెప్పుకుంటారు. దీన్ని కోసింది చూస్తే నమ్మలేనంత సన్నని ఏరు, ఎర్రనది పాయల్లో ఒకటి. పేరు స్పానిషువాళ్ళు పెట్టింది, గట్టి కర్ర అని అర్థం. ఇక్కడి జూనిపర్ చెట్ల కర్రను బట్టి వచ్చింది. అడుగున ఎర్రరాయి పొరలు 25 కోట్ల ఏళ్ళ నాటివి, వాటి మధ్య తెల్లని జిప్సం చారలు. ఒకచోట ఎరుపు, పసుపు, ఊదా, తెలుపు పొరలు మడతలు మడతలుగా కిందికి జారుతుంటాయి. దానికి స్పానిష్ పావడాలని పేరు. అమ్మ చూసి, "పావడా ఏమిటి, కుచ్చిళ్ళు గాని. ఎవరో కుచ్చిళ్ళు సరిగ్గా పెట్టుకుని కూర్చున్నారు" అన్నది.

ఈ అందం వెనుక ఒక దుఃఖం ఉన్నది. 1874 సెప్టెంబరు 28న, ఈ లోయలో శీతకాలానికి గుడారాలు వేసుకున్న కొమాంచీ, కయోవా, షయాన్ జాతులమీద కర్నల్ మెకంజీ సేన తెల్లవారుజామున దిగింది. చనిపోయినవారు కొద్దిమందే. కాని గుడారాలూ, తిండిగింజలూ తగలబెట్టి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్చి చంపించాడు. ఆ జాతులకు గుర్రమే కాలు. అది పోయాక, చలిలో నడిచి వెళ్ళి ప్రభుత్వం చూపిన చోట లొంగిపోవడం తప్ప దారి లేకపోయింది. రెండేళ్ళకు, 1876లో, చార్లెస్ గుడ్‌నైట్ ఇక్కడ పశువుల మందలు తోలి పెద్ద రాంచి పెట్టాడు. నేను అంచున చదివిన ఈ కథ చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "గుర్రాలేం చేశాయి?" అన్నది చివరకు.

లోయలోకి దిగే రోడ్డుకూ ఒక చరిత్ర ఉన్నది. 1933లో, దేశమంతా ఉద్యోగాలు లేని రోజుల్లో, రూజ్వెల్ట్ ప్రభుత్వం పెట్టిన దళంవాళ్ళు వచ్చి పారలతో, గునపాలతో ఈ దారి చెక్కారు. 1934 జులైలో పార్కు తెరిచారు. అంచున వాళ్ళు కట్టిన రాతి భవనమే ఇప్పుడు సందర్శకుల కేంద్రం. 800 అడుగుల లోతును మలుపులుగా విడగొట్టి బండి దిగేటట్టు చేశారు. మావాడు గేరు తగ్గించి, బ్రేకుమీద బరువు పడకుండా మెల్లగా దించాడు.

అడుగున ప్రతి మలుపు దగ్గరా ఆగాం. నేల ఎగుడుదిగుడు గనుక మావాడు కొత్తగా ఒకటి నేర్చుకున్నాడు. అమ్మ తలుపు మెరకవైపు ఉండేటట్టు బండి ఆపుతాడు. నేల నాలుగంగుళాలు పైకి వస్తే ఎక్కవలసిన ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. పల్లంవైపు ఆపితే ఆ నాలుగూ ఎదురు తిరుగుతాయి. కంకరమీద పీట ఊగితే మేనల్లుడు ముందు కాలితో నేల చదును చేసి వేస్తాడు. వేసి, అమ్మమ్మగారి కథ వాడూ విన్నాడు కాబోలు, అటు తిరిగి నిలబడతాడు.

సాయంత్రం తిరిగి వచ్చేముందు ఒక చెట్టునీడలో ఆగాం. అక్కడ ఇంకొక పికప్ ఉన్నది. మాదానికంటే ఎత్తు. దాని పక్కన ఒక అమెరికన్ ముసలామె, నీలం లాగూ, తెల్లని చొక్కా. తలుపు పట్టుకుని ఒక కాలు ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. భర్త వెనుకనుంచి వచ్చి నడుము పట్టుకోబోతే అతని చేతిమీద ఒక్కటి వేసింది. అది చూసి అమ్మ నావైపు తిరగలేదు, తమ్ముడివైపు తిరగలేదు. మా పీటను తాడుతో పట్టి ఈడ్చుకుంటూ అక్కడికి నడిచింది.

నేను వెనకాల పరుగెత్తాను, దుబాసీగా ఉందామని. నా అవసరం కలగలేదు. అమ్మ పీట వేసింది. ముసలామె మోకాళ్ళు రెండూ వేలితో చూపించి, ఏది అన్నట్టు తల ఎగరేసింది. ఆమె తన ఎడమ మోకాలు తట్టి చూపింది. అమ్మ ఒక క్షణం ఆలోచించి, ఆమె కుడికాలిమీద చెయ్యి వేసి, "ఇది. ముందు ఇది పెట్టాలి. నీకు శాస్త్రప్రకారమే కుదిరింది" అన్నది, అచ్చ తెలుగులో. పిడి చూపించింది. తరువాత ఆ మగమనిషి భుజం పట్టుకుని మెల్లగా అటువైపు తిప్పింది.

ఆయన ఏమీ తెలియక లోయవైపు చూస్తూ నిలబడ్డాడు. వెనుక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక ఇటు తిరిగాడు. ఆమె లోపల కూర్చుని మా అమ్మకు చెయ్యి ఊపుతున్నది. ఆయన పీట చేతిలోకి తీసుకుని, తిరగేసి, అడుగున రబ్బరు చూసి, జానతో ఎత్తు కొలుచుకుని, తాడు కట్టిన రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. తరువాత రెండు చేతులా అమ్మకు తిరిగి ఇచ్చాడు.

అమ్మ దాన్ని తెచ్చి మా బండి పక్కన వేసింది.

"అందరూ అటు తిరగండి" అన్నది.

తిరిగాం.

"ఎక్కాను" అన్నది కొంతసేపటికి. "ఒరేయ్, తాడు లాగు."

మేనల్లుడు తాడు లాగాడు.